మేనత్త బొట్టు పెట్టిన రివాల్వర్

సిరిసిల్లలో మా మేనత్త పెట్టెలో, పోయిన మామయ్య తాతగారి నాటి రివాల్వర్ ఒకటుంది. అది ఇంట్లో ఉంటే జైలుకు పంపుతారని అల్లుడు భయపెట్టడంతో అత్త నాకు ఫోన్ చేసింది. ఉంచుకోవచ్చో లేదో తేల్చుకుందామని జగిత్యాల నుంచి బయలుదేరాను.

ఉదయం ఎనిమిదింటి బస్సెక్కితే గంటలోపే కోరుట్ల. పాత ఆయుధాలు సేకరించేవారికి సలహాలిచ్చే రిటైర్డ్ లెక్చరర్ ఒకాయన అక్కడ ఉంటారు, మావారికి పరిచయం. ఆయన్ని వెంటబెట్టుకుని కథలాపూర్ మీదుగా వేములవాడ వెళ్లి, అక్కడ సిరిసిల్ల బస్సు ఎక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. "పని మీది, టికెట్ నాకా?" అని సారు నవ్వారు. ఆయన టికెట్లు నేనే తీశాను. నా ఫోన్‌లో ఉన్న రివాల్వర్ ఫొటో చూసి, ఇది ఇత్తడి తూటాలు పెట్టే పందొమ్మిదో శతాబ్దపు రకమనీ, పేలదని తేలితే పురావస్తువుగా ఉంచుకునే వీలుండొచ్చనీ అన్నారు. పని తేలికే అనుకున్నాను.

మధ్యాహ్నానికి ఇల్లు చేరాం. అత్త పెట్టె తెరిచింది. తూటాలు పెట్టే ఆరు రంధ్రాలూ పసుపు కుంకుమలతో గట్టిగా పూడిపోయి ఉన్నాయి.

"ఇదేందత్తా?"

"దసర దసరకు మన సాంచెలకు పెట్టినట్టే దీనికీ బొట్టు వెడుత బిడ్డా." సాంచెలంటే ఆ ఇంటి మరమగ్గాలు.

సారు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "లోపల తూటా ఉన్నదా అమ్మా?"

"లోపల కుంకుమనే సారూ. గిన్నేండ్లల్ల ఎవలనన్న కరిసిందా? ఆగుండ్రి, తడిబట్టతోని తుడుస్త."

"వద్దమ్మా! కుంకుమ ఎనుక ఏమున్నదో నాకూ తెల్వది. ఎవరూ ముట్టకుండ్రి."

స్టేషన్‌కు ఫోన్ చేశాం. ఇద్దరు పోలీసులు వచ్చి, పరీక్ష చేయిస్తామని రసీదు రాసిచ్చి, పెట్టెతో సహా జాగ్రత్తగా తీసుకెళ్లారు. అత్త గుమ్మం దాకా వెళ్లి నిలబడింది.

"మీ మామ చేతి వస్తువు. మళ్ల ఇస్తరా బిడ్డా?"

పరీక్ష అయ్యాక స్టేషన్ నుంచి కబురు వస్తుందని చెప్పి, రసీదు అత్త చేతిలో పెట్టాను.

వారమైంది, ఇంకా కబురు లేదు. తూటా లేదంటే అత్త దగ్గర ఉన్న ఒక్క గుర్తును నేనే దూరం చేశానేమో అనిపిస్తుంది. ఉందంటే, ఇన్ని దసరాలు దాని ముందు వంగి బొట్టు పెట్టిన అత్త నా కళ్లముందు మెదులుతుంది. ఏ కబురు రావాలని కోరుకోవాలో కూడా తెలియడం లేదు. మీ ఇంట్లో ఇలాంటిది బయటపడితే బస్సులో తీసుకెళ్లకండి, తుడవకండి. ఉన్నచోటే ఉంచి, ముందు పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేయండి.