బస్తాల వెనక సిగ్నల్

నాగార్జునకు పొగరెక్కువ. నిచ్చెనెక్కాడంటే కింద ఉన్నవాళ్లు అతని కంటికి ఆనరు. మార్కెట్ యార్డు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే నేనైనా అంతే. అయినా వనపర్తి చుట్టుపక్కల ఏ ఆఫీసులో చూసినా నెట్ వైరు అతను లాగిందే.

మా యార్డులో మొన్నటిదాకా నెట్ ఆఫీసు గదికే ఉండేది. సరుకు కొనే సేట్లు అక్కడే ఫ్యాను కింద కూర్చుని, పల్లికాయ ముట్టకుండానే ఫోన్లలో ధర వేసేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. వాళ్లు రైతు కుప్ప దగ్గరే నిలబడి ధర వేయాలని, ఆఫీసు నుంచి కుప్పలు పోసే షెడ్డుకు వైరు లాగించి దూలాలకు వైఫై డబ్బాలు పెట్టించాం. ఎండాకాలం, ఖాళీ షెడ్డంతా తిరిగి ఫోనులో సిగ్నల్ చూపించాడు నాగార్జున.

"మూలమూలకొస్తది మేడం. ఇంగ మీకు ఫికర్ లేదు."

పల్లికాయ సీజన్ వచ్చింది. లారీలు రాక, సేట్లు కొన్న సరుకు షెడ్డులోనే పేరుకుపోయింది. బస్తాలు దూలాలదాకా గోడలా లేచాయి. ఆ గోడ వెనక ఖిల్లా ఘణపూర్ నుంచి వచ్చిన రైతు బుచ్చమ్మ కుప్ప పడింది. అక్కడ వైఫై లేదు, రేకుల కింద ఫోన్ల సొంత నెట్ ఎటూ అందదు. సేట్లు రెండుసార్లు నొక్కి చూసి ముందుకెళ్లిపోయారు. నా కంప్యూటర్‌లో ఆమె పేరుకెదురుగా ఒక్క ధరా లేదు. మధ్యాహ్నం వేలం మూతపడితే ఆ కాయ మళ్లీ ట్రాక్టరెక్కాల్సిందే. బయట మబ్బు కమ్ముకుంటోంది.

నాగార్జునకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టి, కుప్ప దగ్గరికెళ్లాను. అతను పరుగున వచ్చి చూసి నాలుక కరుచుకున్నాడు.

"ఖాళీగున్నప్పుడు చూసిన మేడం. బస్తాల సంగతి సోయే లేకపాయె."

"తొవ్వల వానకు తడిస్తే నా కాయ ఎవరు కొంటరు బిడ్డా?" అంది బుచ్చమ్మ.

అతను నిచ్చెన వేసి డబ్బా ఊడదీశాడు. కరెంటూ నెట్టూ ఒకే వైరులో వస్తాయి కాబట్టి డబ్బా ఆరలేదు. పైన చుట్టి ఉంచిన మిగులు వైరు వదులుతూ బస్తాల మీదుగా ఇవతలికి దిగాడు. కట్టడానికి చోటు లేదు. కుప్ప పక్కన నిలబడి డబ్బాను రెండు చేతులతో నెత్తిమీదికెత్తి పట్టుకున్నాడు.

"సేట్, జర ఇటు రాండ్రి! ఇప్పుడు నొక్కుండ్రి!"

ఒక ధర పడింది. దాని మీద ఇంకోటి. బుచ్చమ్మ ఆశపడినదానికన్నా ఎక్కువే పలికింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"సల్లగుండు కొడుకా. ఇంగ చెయ్యి దించు, నాది అమ్ముడువోయింది" అంది బుచ్చమ్మ.

"పక్కది లింగయ్య కుప్ప. దానికింకా పడలే అవ్వా."

ఎత్తిన అతని చేతులు కొద్దికొద్దిగా కిందికి జారుతున్నాయి. బుచ్చమ్మ ఇంటిదారి పట్టలేదు. అతని మోచేతుల కింద తన రెండు చేతులూ ఆనించి నిలబడింది.