రంగు దిగిన బఠాణీలు

ఈ రోజు మధ్యాహ్నం కూరగాయలు ముందు పెట్టుకుని నీటిరంగులతో బొమ్మ వేస్తూ కూర్చున్నాను. టమాటా, క్యారెట్, గుమ్మడి ముక్క ఒక రంగు కుటుంబం. బీరకాయ, చిక్కుళ్లు, బండి మీద ఒలిచి అమ్మితే కొన్న గిన్నెడు బఠాణీలు ఇంకో కుటుంబం. ఒకే నీలం, ఒకే పసుపు పాళ్లు మార్చి కలిపితే ఆకుపచ్చ కుటుంబమంతా వచ్చేస్తుందని నేర్చుకున్నాను. బీరకాయ వచ్చింది, చిక్కుళ్లు వచ్చాయి. బఠాణీల పచ్చదనం మాత్రం ఎంత కలిపినా రాలేదు. అనుమానం వచ్చి కొన్ని గింజలు గ్లాసు నీళ్లలో వేశాను. కాసేపటికి నీళ్లు ఆకుపచ్చగా మారాయి.

సాయంత్రం మా ఇందుకూరుపేట వీధిలోకి కూరగాయల బండి రాగానే, పొద్దున ఆ బఠాణీలు అమ్మిన అన్నను నిలదీశాను.

"ఏందన్నా, బఠాణీలకు రంగేసినావా?"

"నేనెందుకేస్తానక్కా? నీ చేతికే రంగుంది చూడు, అదే అంటుకొనుంటాది."

నిజమే, నా వేళ్లకు ఆకుపచ్చ ఉంది. ఒక్క క్షణం నా మీద నాకే అనుమానం కలిగింది. అందుకే అతని బండిలోని గింజల్ని, అతని సీసాలోని నీళ్లలో, అతని చేతే వేయించాను. ఇద్దరం చూస్తుండగానే నీళ్లకు రంగు దిగింది.

అతను ఫోన్ తీసి ఇంటికి చేశాడు.

"పొద్దున చేసిన బఠాణీ కూర పిల్లోళ్లకి పెట్టబాక. నువ్వూ తినబాక."

ఇప్పుడు నా అనుమానం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియడం లేదు. మీ ఇంట్లో బఠాణీలుంటే నీళ్లలో వేసి చూసి, ఏమైందో చెప్పండి.