నిప్పు లేని కుంపటి

సిరొంచ నుంచి అహేరికి పోయే దారిలో ఉన్న ఆ చిన్న సర్కారు దవాఖానకు మంత్రి వస్తున్నాడంటేనే సున్నం పడేది. మందులు మాత్రం మంత్రి వచ్చి పోయినా వచ్చేవి కావు. అయినా దాని వాకిట్లో ఎప్పుడూ రెండు మూడు ఎడ్లబండ్లు ఆగి ఉండేవంటే, లోపల ముత్తక్క ఉండటం వల్లనే.

ముత్తక్క నర్సు. ఆమె తల్లీ తండ్రీ ప్రాణహిత ఒడ్డున ఒకరి పొలాల్లో నాట్లు వేసి, కోతలు కోసి బతికినవాళ్ళు. చాందాలో నర్సు చదువు చదివి తెల్లచీర కట్టుకుని వచ్చిన రోజు, ఆ పొలాల ఆసామి ఆమెను గుర్తుపట్టనట్టు ముఖం తిప్పుకున్నాడు. తర్వాత కాలి మీద పుండు లేచినప్పుడు బాగానే గుర్తుపట్టాడు. అందరి పుండ్లూ ఎట్లా కడిగేదో ముత్తక్క దాన్నీ అట్లాగే కడిగింది. ఒక చుక్క మందు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

ఒక చలికాలం సమ్మక్క అనే పిల్లను వాగు అవతలి ఊరి నుంచి మొదటి కానుపుకు తెచ్చారు. బిడ్డ క్షేమంగా పుట్టింది గాని తల్లికి రక్తం చాలా పోయింది. డాక్టరు సూదులు రాసి, సెలైన్ పెట్టించి, ఆమెను మంచం మీది నుంచి కదపొద్దని చెప్పి మీటింగు ఉందని గడ్చిరోలి బస్సెక్కాడు.

మర్నాడు పొద్దున ముత్తక్క వచ్చేసరికి వార్డంతా పొగ. సమ్మక్క మంచం కింద కుంపటి రాజుకుంటోంది. ఎదుటి హోటల్లో కుంపటి, నిప్పులు అడిగి తెచ్చి పెట్టిన అత్త రాజవ్వ పక్కనే కూర్చుని విసురుతోంది. అవతలి మంచం మీద ఉబ్బసం ఉన్న దమ్ము మనిషి కిష్టన్న దగ్గలేక మెలికలు తిరుగుతున్నాడు.

"గిదేంది రాజవ్వా! దవాఖానల నిప్పు వెడ్తరా?"

"మరి ఏడ వెట్టాలె? బాలెంత నడుముకు సెగ తాకకుంటే జన్మంత గుంజదా?"

"పక్కన దమ్ము మనిషున్నడు. పొగకు పానం వోతది."

"గాయన దమ్ము కోసం మా కోడలు చలికి సావాలెనా?"

కిష్టన్న దగ్గు మధ్యలోనే అందుకున్నాడు. "నా బీడీలు గుంజుకున్నవు గదా ముత్తక్కా! గిదేమో మంచమంత బీడీ!"

వార్డులో నిప్పు పెట్టరాదని తలుపు మీద బోర్డు ఉంది. సర్కారు భాష అయిన మరాఠీలో ఉంది. అక్కడికి వచ్చేవాళ్ళలో చాలామందికి మరాఠీ మాటలు వచ్చు, అక్షరాలు రావు. బోర్డు పెట్టినవాళ్ళకు ఆ సంగతి పట్టలేదు.

ముత్తక్క కుంపటి ఎత్తుకుపోయి బయట పెట్టింది. రాజవ్వ లేచి కొడుకును కేకేసింది. "ఐలిగా, బండి గట్టురా! ఇంటికి వోదాం. మన కుంపటి మన ఇంట్ల ఉన్నది."

ఐలన్న ఎడ్లను తెచ్చి పలుపులు పట్టుకుని నిలబడ్డాడు. ముత్తక్క అతని దగ్గరికి పోయింది. "బండి వాగుల దిగితే కుదుపుకు మల్ల రక్తం వోతది ఐలన్నా. ఇంటిదాంక సమ్మక్క బతుకదు."

ఐలన్న తల్లిని చూశాడు, నర్సును చూశాడు. ఎడ్లను వదలలేదు.

ముత్తక్క లోపలికి వచ్చి సమ్మక్క తల దగ్గర కూర్చుంది. "నువ్వు జెప్పు బిడ్డా. నీకేం గావాలె?"

ఆ పిల్ల కళ్ళు తెరిచింది. దవాఖానకు వచ్చినప్పటి నుంచి ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. "చలి వెడ్తంది అక్కా. వీపుల నుంచి వస్తంది."

ముత్తక్క ఆమె వీపు కిందికి చేయి పోనిచ్చింది. తడిగోడలా ఉంది. నిన్నటి నుంచి తను నాడి చూసింది, వేళకు సూది వేసింది, సెలైన్ మార్చింది. వీపు మీద చేయి మాత్రం వేయలేదు. చిరిగిన సర్కారు గొంగడి ఒక్కటి కప్పి, ముసల్దానిది మూఢనమ్మకం అనుకుంది. తన తల్లి కూడా బాలింతగా కుంపటి మీదనే పడుకుంది గదా.

దవాఖాన వెనక మూడు రాళ్ళు పెట్టి నీళ్ళు కాచింది. ఖాళీ సెలైన్ గాజుసీసాలు పగలకుండా ముందు గోరువెచ్చని నీళ్ళతో తొలిపి, తర్వాత వేడినీళ్ళు నింపింది. పాతచీర ముక్కలు చుట్టింది.

కాంపౌండర్ నర్సన్న నవ్వాడు. "డాక్టర్ సాబు అడిగితే ఏం మందంటవు ముత్తక్కా?"

"వేడినీళ్ళంట."

"ఇగ భయం లేదు. మన దవాఖానల ఎన్నడు ఒడువని మందు గదొక్కటే!"

రాజవ్వ మూతి తిప్పింది. "నిప్పు లేని కుంపటి ఏడనన్న ఉంటదా?"

"పట్టుకొని సూడవ్వా."

రాజవ్వ సీసాను చెంపకు ఆనించుకుంది. తనే కోడలి వీపు పక్కన ఒకటి, కాళ్ళ దగ్గర ఒకటి సర్దింది. చల్లారినప్పుడల్లా ముత్తక్క మార్చింది, ప్రతి సీసానూ మోచేతి మడతలో ఆనించి చూసిన తర్వాతే. నిద్రలో ఉన్నవాళ్ళు కాలినా చెప్పలేరు.

ఎండ వాకిట్లోకి వచ్చేసరికి సమ్మక్క పాదాలు వెచ్చబడ్డాయి. పిల్లకు పాలిస్తూ నిద్రపోయింది. రాజవ్వ గుమ్మంలోకి వచ్చి చిన్నగా అంది, "ఎడ్లను ఇప్పురా. ఎంతసేపు నిలవెడ్తవు, అవి గూడ పానాలే గదా."

డాక్టరు తిరిగి వచ్చి వెనక మంట చూసి, "హోటల్ పెట్టారా?" అని మరాఠీలో కసిరాడు.

"నిప్పు బయటనే ఉంది సార్. లోపలికి వేడి ఒక్కటే వచ్చింది" అంది ముత్తక్క, అదే భాషలో.

ఆయన సమ్మక్క నాడి చూశాడు. సీసా ఎత్తి రబ్బరు మూత వేలితో నొక్కాడు. "ఇది ఊడితే కాలుతుంది. ప్లాస్టర్ చుట్టండి" అని, ఆ ప్లాస్టర్ చుట్ట ఆయనే తెచ్చి ఇచ్చాడు.

ఇక వార్డంతా సీసాలు కావాలంది. అది కొత్త మందని ఊళ్ళో పుకారు. కిష్టన్న రొమ్ముకు ఒకటి ఆనించుకుని, "బాలెంత మందు నాకు గూడ వడ్డది" అన్నాడు. పొయ్యి రాజవ్వ చేతికి పోయింది. ఎవరి సీసా అయినా ఆమె చెంప దాటి పోవలసిందే.

కొన్నాళ్ళకు సమ్మక్క తన కాళ్ళ మీద నడిచి బండెక్కింది. రాజవ్వ బిడ్డను ఆమె ఒళ్ళో పెట్టి, మళ్ళీ దిగి వెనక్కి పోయింది. మొద్దు ఒకటి పొయ్యిలోకి తోసి ముత్తక్క దగ్గరికి వచ్చింది.

"ఆర్పకు బిడ్డా. కిష్టన్నకు ఇంకొక సీస కావాల్నట."

ముత్తక్క చేతులు తుడుచుకుని నీళ్ళు పెట్టడానికి పోయింది.