అన్న మెడ తిరిగే చదువు

మొన్న మా మనవరాలు ఫోను చేతపట్టుకుని వచ్చి నా మంచం పక్కన కూర్చుంది. డాక్టరు చదువు పూర్తిచేసిన పిల్ల. పై చదువుకు ఫిజియాలజీ తీసుకోవాలా, పెథాలజీ తీసుకోవాలా అని ఆ ఫోనులోనే ఏవేవో కాలేజీలు పక్కపక్కన పెట్టి చూస్తూ, నువ్వెట్లా తేల్చుకున్నావు అమ్మమ్మా అని అడిగింది. ఏదో చెప్పి పంపించాను గానీ ఆ రోజంతా నా మనసు మర్రిగూడ దగ్గరి మా ఊళ్ళోనే తిరిగింది.

అరవయ్యో దశకం మొదట్లో మా వైపు ఆడపిల్ల డాక్టరు చదువు చదవడమంటే ఎంత వింతో మా తరంవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. నన్ను అంతదూరం చదివించింది మా అన్న. ఊరి బడితో చాలని బాపు అన్నప్పుడు అన్నే అడ్డం నిలబడి, నల్లగొండలో దూరపు చుట్టాల ఇంట్లో నన్ను ఉంచి, సెలవులొస్తే తనే బండి కట్టుకుని వచ్చి తీసుకుపోయేవాడు. నేను పట్నంలో మెడికల్ కాలేజీలో ఉన్న ఏండ్లలోనే ఆయన ఒళ్ళు బిగుసుకుపోయింది. వెళ్ళిన ప్రతిసారీ ఇంకొంచెం వంగి కనిపించేవాడు. మెడ పక్కకు తిరిగేది కాదు, పిలిస్తే మనిషంతా తిరిగి చూసేవాడు. కింద కూర్చోలేక గోడకానుకొని నిలబడే అన్నం తినేవాడు. అట్లాంటివాళ్ళు మా ఊళ్ళో చాలా ఇండ్లల్లో ఉండేవారు కాబట్టి దాన్నెవరూ రోగమని కూడా అనుకోలేదు, వాతమనేవారు.

నా డాక్టరు చదువు ముగిశాక, మాకు ఫిజియాలజీ చెప్పిన పెద్దాయన నన్ను పిలిచి తన దగ్గరే పై చదువుకు చేరమన్నారు. ఒళ్ళు సక్రమంగా ఉన్నప్పుడు ఎట్లా పనిచేస్తుందో చెప్పే శాస్త్రమది. గుండె కొట్టుకునే తీరు ఆయన చెబుతుంటే కథ విన్నట్టు వినేదాన్ని. పెథాలజీ అంటే రోగం ఒంట్లో దేన్నెట్లా పాడుచేసిందో పలుచని ముక్కలు కోసి మైక్రోస్కోపు కింద పెట్టి చూడటం. ఆ గదుల వాసనకే నాకు అన్నం సయించేది కాదు. కానీ ఆ గదుల్లోకి వెళ్ళినప్పుడల్లా అన్న గుర్తొచ్చేవాడు. ఎటూ తేల్చుకోలేక ఇంటికి వెళ్ళాను.

బాపు చెలక నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

“గా రెండిట్ల ఏది సదివితే పెద్దోని మెడ తిరుగుతదో గది సదువు బిడ్డా,” అన్నాడు.

ఏది చదివినా తిరగదని నాకు తెలుసు. గోడ దగ్గర నిలబడిన అన్న కళ్ళు మాత్రం నా వైపు తిప్పి, “చెల్లెను గట్ల అడుగకు బాపూ. ఆమెకేది ఇష్టమైతే గదే సదువనీ,” అన్నాడు. ఆయన అట్లా అన్న తర్వాత నాకిక ఇష్టమన్నది ఏదీ మిగల్లేదు. వెళ్ళి పెథాలజీలో చేరాను.

ఒకరోజు అక్కడి పెద్దసారు మా వైపు మనిషిదే ఒక వెన్నెముక బల్లమీద పెట్టి పాఠం చెప్పారు. పూసలన్నీ అతుక్కుపోయి ఒకే కట్టెలా ఉంది. చేతిలోకి తీసుకుంటే రాయంత బరువు. నీళ్ళలోని ఫ్లోరైడ్ ఏండ్ల తరబడి ఎముకల్లో చేరి ఇట్లా చేస్తుందని చెప్పారు. దీనికి మందేమిటని అడిగాను. నీళ్ళు మార్చడమే తప్ప వేరే మందు లేదమ్మా అన్నారు. నేనెందుకు అడిగానో ఆయనకు తెలియదు. అందరూ వెళ్ళిపోయాక కూడా ఆ బల్ల దగ్గరే కూర్చుండిపోయాను.

ఆ ఎండాకాలం ఇంటికి వెళ్ళగానే, మన బావి నీళ్ళే అన్నను ఇట్లా చేశాయి, ఇక తాగొద్దని చెప్పాను. అమ్మ అప్పుడే నెత్తిమీది బిందె దించుతోంది.

“మరి ఏం తాగాలె బిడ్డా?” అంది.

డాక్టరైన కూతురు ఏదో ఒక దారి చెబుతుందని నిజంగానే అడిగింది. కుంట ఎండి నెర్రెలిచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళ బావుల్లోనూ అవే నీళ్ళు. ఎండన పడి వచ్చానని అమ్మ అదే బిందెలోంచి చెంబెడు నీళ్ళు ముంచి నా చేతికిచ్చింది. తాగాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి.

వానలు పడి కుంట నిండి ఉన్నన్నాళ్ళు ఆ నీళ్ళే తెప్పించి, వడపోసి, కాచి, అన్నకు తాగించేవాళ్ళం. నొప్పులు జర తగ్గినయని ఆయన నా సంతోషం కోసం చెప్పేవాడు, నేనూ నమ్మినట్టే ఉండేదాన్ని. తర్వాత కొన్నేండ్లకు మంచం పట్టి పోయాడు. వెల్లకిలా పడుకోబెట్టడానికి నడుము సాగక, పాడె మీద పక్కకు ఒరిగించే తీసుకుపోయారు. అప్పటికి నేను కాలేజీలో అదే పాఠం పిల్లలకు చెబుతున్నాను.

ఇప్పుడు మా ఊరికి ఎక్కడో ఉన్న నది నీళ్ళు పైపుల్లో వస్తున్నాయి. అవి నా చదువు తెచ్చిన నీళ్ళు కావు. కిందటేడు వెళ్ళినప్పుడు బడి వదిలిన పిల్లలు నల్లా కింద దోసిళ్ళు పట్టి, అంగీలు తడుపుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ తాగి, మళ్ళీ పరుగున వెళ్ళిపోయారు. వాళ్ళకది ఏ ప్రత్యేకతా లేని పని, అట్లాగే ఉండాలి కూడా. కానీ దారిన పోతూ ఆగి, పిల్లలు నీళ్ళు తాగడాన్ని నిలబడి చూసేవాళ్ళం మా ఊళ్ళో ఇంకెంతమందిమి మిగిలామో.