ఏడో కుర్చీ

సమావేశాల నియమాలు పని ఆపడానికే పుట్టాయని, పని జరగాలనుకునేవాళ్ళు వాటిని చూసీచూడనట్టు పోవాలని చాలామంది అభిప్రాయం. ఈ మాట అనేవాళ్ళు సాధారణంగా తొందరలో ఉంటారు, పైగా చాలాసార్లు మంచి పని మీదే ఉంటారు. అందుకే దాన్ని కాదనడం కష్టం. అది ఎంతవరకు నిలుస్తుందో చూడాలంటే ఒక బడి పాలకమండలిలో ఒక సాయంత్రం నాలుగింటికీ నాలుగున్నరకూ మధ్య ఏం జరిగిందో చెబితే చాలు.

ఆ బడి ఆఫీసులో పందొమ్మిదేళ్ళుగా గుమాస్తాగా ఉన్న ఆవిడను అందరూ రిజిస్టరమ్మ అంటారు. పాలకమండలి సమావేశాలకు నోటీసు పంపడం, హాజరు పుస్తకం చూడడం, తీర్మానాలు రాయడం ఆవిడ పని. ఆమె అక్షరాలు గుండ్రంగా, మనిషి మాట ముక్కుసూటిగా ఉంటాయి. అయితే ఆమె చేతుల మీదుగానే ఆ బడిలో ఒక అలవాటు స్థిరపడింది. సమావేశం ఉన్న రోజు పొద్దున్నే ఆమె హాజరు పుస్తకం చంకన పెట్టుకుని దారిలో ఉన్న సభ్యుల దగ్గరికల్లా వెళ్ళి సంతకాలు చేయించుకునేది. సాయంత్రం ఎవరు వస్తారో ఎవరు రారో, ముందు సంతకం పడితే ఒక గండం గడిచినట్టే. ఆ పుస్తకం పేజీల మధ్య వడ్రంగి కొట్టులోని రంపపు పొట్టు, గడియారాల కొట్టులోని నూనె మరకలు ఇప్పటికీ ఉన్నాయి. అందులో అబద్ధం ఉందని ఎవరికీ తోచలేదు. ఆమెకూ తోచలేదు.

ఆ రోజు పని మాత్రం మామూలుది కాదు. బడిలో వినికిడి తక్కువ పిల్లలకు ఒక తరగతి ఉంది, పదకొండు మంది. దాన్ని ఊరికి అవతలి చివరనున్న బడిలో కలిపేస్తామని పై ఆఫీసు ఉత్తరం రాసింది. వద్దనుకుంటే పాలకమండలి తీర్మానం ఆ సాయంత్రం ఆఫీసు మూసేలోగా అందాలి. ఆ పదకొండు మందిలో రిజిస్టరమ్మ మనవరాలు ఒకతె, ఏడేళ్ళది. టీచరు గొంతు మీద అరచెయ్యి ఆనించి మాటను పట్టుకోవడం ఆ పిల్ల ఆ గదిలోనే నేర్చుకుంది. "అమ్మమ్మా" అన్న పిలుపు, సగం మింగేసిందే అయినా, పోయిన నెలలో మొదటిసారి ఆ గదిలోంచే బయటికి వచ్చింది. అవతలి బడికి రెండు బస్సులు మారాలి. కూతురూ అల్లుడూ పొద్దున్నే పనికి పోతారు. తరగతి పోతే పిల్ల ఇంట్లోనే ఉండిపోతుందని ఆమెకు తెలుసు.

నాలుగు కొట్టేసరికి గదిలో ఆరుగురు సభ్యులున్నారు. పదమూడుగురు సభ్యుల్లో ఏడుగురు ఉంటేనే కోరం. అరగంటలో ఏడో మనిషి రాకపోతే సమావేశం వారం పాటు వాయిదా. అధ్యక్షురాలు ఉద్యోగ విరమణ చేసిన నర్సు. ఆవిడ హాజరు పుస్తకం ముందుకు లాక్కుని సంతకాల మీద వేలు నడిపింది.

"ఏడున్నాయిగా. మొదలుపెడదాం."

"కుర్చీలు చూడండి మేడమ్. ఆరే ఉన్నాయి నిండినవి," అంది రిజిస్టరమ్మ.

ఏడో సంతకం గడియారాలు బాగుచేసే పెద్దాయనది. పొద్దున ఆమె పుస్తకం తీసుకెళ్ళినప్పుడు కంటికి భూతద్దం ఉండగానే గీకేశాడు. ఈ తరగతి సంగతి అజెండా కాగితం వెనక వైపు ఉంది; ఆయన దాన్ని తిప్పి చదివింది ఆమె వెళ్ళిపోయాకే. ఆ గది ఖాళీ అయితే దాన్ని ఒకటో తరగతికి ఇవ్వాలని రెండేళ్ళుగా పట్టుబడుతున్నది ఆయనే. వచ్చేవాళ్ళు ఆరుగురేనని, తను వెళ్ళకపోతే కోరం ఉండదని లెక్కవేసి కొట్లోనే కూర్చున్నాడు. పొద్దున చేసిన సంతకం సంగతి మాత్రం మరిచిపోయాడు. ఏళ్ళ తరబడి అలవాటుగా చేసిన పని మనిషికి గుర్తుండదు.

"ఎప్పుడూ ఇలాగే కదా నడిపాం. ఇవాళే నీకు శాస్త్రం గుర్తొచ్చిందా?" అంది అధ్యక్షురాలు. "పైగా నీ మనవరాలి కోసమే తాపత్రయమంతా."

"అందుకే మేడమ్. రేపెవరైనా వచ్చి ఆ మనిషి గదిలో ఉన్నాడా అని అడిగితే నేనేం చెప్పను?"

సభ్యుడైన వడ్రంగి గోడ గడియారం వైపు చూశాడు. "పోనీ అక్కా, స్టూలు వేసుకుని ఆ ముల్లు ఓ పావుగంట వెనక్కి తిప్పనా?"

"దానికి కీ ఇచ్చేది ఆయనే. నీ వేలిముద్ర కూడా పట్టేస్తాడు," అని ఆమె పుస్తకం చంకన పెట్టుకుని లేచింది. నాలుగూ ఎనిమిది.

కొట్టు ఆరు నిమిషాల దూరం. ఆమె నడవలేదు, దాదాపు పరుగెత్తింది. నోరు మూసుకుంటే అయిపోయేదాన్ని చేజేతులా పాడుచేసుకుంటున్నానని దారి పొడవునా తనను తానే తిట్టుకుంది. కొట్లో వందకు పైగా గడియారాలు ఒక్కసారిగా టిక్కుటిక్కుమంటున్నాయి. పెద్దాయన తలెత్తలేదు.

"నేను రాను అమ్మాయ్. వస్తే ఓడతా, కూర్చుంటే గెలుస్తా. ఈ మాత్రం లెక్క నాకూ వచ్చు."

"కూర్చున్నా ఓడతారు బాబాయ్. పుస్తకంలో మీరు వచ్చేసినట్టే ఉంది." ఆమె పేజీ తెరిచి చూపించింది.

ఆయన భూతద్దం నుదుటి మీదికి నెట్టి తన సంతకం వైపే చూస్తూ ఉండిపోయాడు. "అంటే మీరక్కడ..."

"మొదలుపెడదామనే అన్నారు. నేనే వద్దన్నాను." ఆమె బల్ల మీదున్న స్కేలు తీసుకుని ఆయన సంతకం మీద సూటిగా ఒక గీత గీసింది. పక్కన "హాజరు కాలేదు" అని రాసి పొడి సంతకం పెట్టింది. "ఇప్పుడు మీ లెక్క సరిపోయింది. కూర్చోండి."

"కొట్టేశావా? పదకొండేళ్ళలో నాకు ఒక్క గైర్హాజరీ లేదు."

"ఆ హాజరీల్లో సగం నేను మోసుకొచ్చినవే బాబాయ్. అది మీ తప్పూ నా తప్పూనూ."

ఆమె పుస్తకం మూస్తూ అంది: "ఒకటో తరగతిలో ఒక్క గదిలో యాభై రెండు మంది పిల్లలని మీరంటారు. నిజమే. కానీ ఆ మాట ఇంతవరకు ఏ తీర్మానంలోనూ ఎక్కలేదు. ఎక్కాలంటే మీరు గదిలో ఉండి చెప్పాలి. వస్తే చెప్పింది చెప్పినట్టు రాస్తా, ఒక్క ముక్క తగ్గించను."

"ఓడిపోయినవాడి మాట ఎంత బాగా రాస్తే మాత్రం ఏం లాభం?"

"తెలీదు బాబాయ్," అంది ఆమె. నిజంగానే తెలియదు. నాలుగూ పందొమ్మిదికి బయటికి వచ్చేసింది.

తిరిగి గదిలోకి వచ్చేసరికి నాలుగూ పాతిక. గీత పడిన పేజీ చూసి అధ్యక్షురాలు తల పట్టుకుంది. ఏడో కుర్చీ ఖాళీగానే ఉంది. ఆరుగురూ దాని వైపు చూడకూడదని గడియారం వైపు చూస్తున్నారు. ఇరవై ఆరు. ఇరవై ఏడు. రిజిస్టరమ్మ "కోరం లేనందున" అని రాయడానికి కలం మూత తీసింది.

కిటికీ కింద సైకిల్ స్టాండు పడిన చప్పుడు వినిపించింది. మెట్ల మీద అడుగులు. పెద్దాయన లోపలికి వచ్చి, రొప్పుతూనే, ముందు గోడ గడియారం చూశాడు. భూతద్దం ఇంకా నుదుటి మీదే ఉంది.

"ఇరవై ఎనిమిదే. ఇది సరిగ్గా నడుస్తుంది, నాకు తెలుసు. ఇలా తే ఆ పుస్తకం."

కొట్టేసిన సంతకం కింద మళ్ళీ సంతకం చేసి, పక్కన టైము తనే వేసుకున్నాడు. కూర్చోకుండానే మొదలుపెట్టి పావుగంట మాట్లాడాడు. కిటికీ లేని గది, మూడో వరుస తర్వాత కనిపించని బోర్డు, ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలే బల్లలు. గడియారం మరలు విప్పినంత ఓపికగా ఒక్కొక్కటీ విప్పి పెట్టాడు. ఎవరూ అడ్డు రాలేదు. ఆయన రాకపోయి ఉంటే ఇవేవీ వినేవాళ్ళం కాదని వడ్రంగి పక్కవాడితో మెల్లగా అన్నాడు. తర్వాత చేతులెత్తారు. తరగతి ఇక్కడే ఉండాలని ఆరుగురు, వద్దని ఒకరు.

తీర్మానం పై ఆఫీసుకు చేరేసరికి తలుపు ఒక రెక్క మూసి ఉంది, రెండోది ఇంకా తెరిచే ఉంది.

దీన్ని గొప్ప ధైర్యమనుకోవలసిన పని లేదు. గీసింది ఒక్క గీతే, అది ఎప్పుడో గీయవలసింది. నియమం పని ఆపుతుందన్న అభిప్రాయం పూర్తిగా తప్పని కూడా చెప్పలేం. నాలుగూ ఇరవై ఏడు దాకా అది ఆపే ఉంచింది. కానీ ఎదుటి మనిషిని గదిలోకి రప్పించింది కూడా అదే.

రిజిస్టరమ్మ చేసింది ఇది. ఆ సాయంత్రం తీర్మానంలో పెద్దాయన అభ్యంతరాన్ని ఒకటిన్నర పేజీ రాసింది. దాని కింద, ఎవరూ అడగకపోయినా, గతంలో కొన్ని సంతకాలు సమావేశానికి ముందే తానే తిరిగి సేకరించానని ఒక వాక్యం చేర్చి, అధ్యక్షురాలి చేత సంతకం చేయించింది. వచ్చే సమావేశం అజెండాలో ఒకటో తరగతి గది విషయం మొదటి అంశంగా, కాగితం ముందు వైపునే వేసింది. అప్పటినుంచి హాజరు పుస్తకం ఆ గది గడప దాటలేదు.