ఎల్లయ్య మందు పెట్టలేదు

చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోదు. పోతుందని చెప్పడం లేదు నేను. ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోశాను. మోస్తూనే జీతం తీసుకున్నాను, పెళ్లిళ్లకు వెళ్లాను, కడుపునిండా తిన్నాను. ఆ బరువు నన్ను కాస్తయినా వంచి ఉంటే బాగుండేది. వంచలేదు. నా కోపం అందుకే. ఎక్కువ నా మీదే. మిగతా వాళ్ల మీద కూడా కొంత ఉంది, మీ దగ్గర దాచడం దేనికి?

నేను పశువుల డాక్టర్ని. మర్రిగూడ దగ్గర గొర్రెలు కాసే ఇంట్లో పుట్టాను. షాద్‌నగర్‌లో పెంపుడు జంతువుల ఎమర్జెన్సీ క్లినిక్‌లో పనిచేస్తున్నాను. ఫ్యాక్టరీలు, వెంచర్లు వచ్చాక ఊరి చుట్టూ కొత్త ఇళ్లు లేచాయి, ఆ ఇళ్లలోకి పెద్ద జాతి కుక్కలు వచ్చాయి. వాటికి ప్రాణం మీదికొస్తే మా దగ్గరికి తెస్తారు. మా క్లినిక్‌లో ఎవరూ ఎవరినీ నిందించరు. "తప్పు జరిగితే దాచకు, కలిసి సరిచేసుకుందాం" అని మా పెద్ద డాక్టరమ్మ నేను చేరిన రోజే చెప్పింది. మాటవరసకు అన్నది కాదు, నిజంగానే అలా ఉంటారు. కాబట్టి భయంతో అబద్ధమాడానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

ఒక సాయంత్రం శ్రీధర్ తన జర్మన్ షెపర్డ్‌ను తెచ్చాడు. కంపెనీలో సూపర్‌వైజర్ అతను. కుక్క పేరు రాజా. కడుపు ఉబ్బింది. కక్కబోతోంది, నురగ తప్ప ఏమీ రావడం లేదు. పెద్ద కుక్కకు కడుపు మెలితిరిగితే ఇలాగే ఉంటుందని, వెంటనే ఎక్స్‌రే తీసి ఆపరేషన్ చేయకపోతే గంటల్లో పోతుందని చదువుకున్నాను. పరీక్షలో రాశాను కూడా. మరి ఎందుకు తీయలేదు? మిషన్ పక్క గదిలోనే ఉంది. తీయలేదు, ఎందుకంటే ఉబ్బిన కడుపు నాకు కొత్త కాదు. పచ్చిమేత ఎక్కువై గొర్రె ఉబ్బితే మా బాపు నూనె తాగించి అటూ ఇటూ నడిపించేవాడు, కాసేపటికి తగ్గేది. ఆ ధీమాతోనే గ్యాస్ తగ్గడానికి సూది వేసి, కాసేపు నడిపించమని చెప్పి పంపేశాను. కుక్కను గొర్రె లెక్కన చూశాను.

మర్నాడు పొద్దున్నే రాజా శవాన్ని దుప్పట్లో చుట్టి తెచ్చాడు. కడుపు డప్పులా బిగుసుకుని ఉంది. చెయ్యి వేయగానే కడుపు మెలితిరిగే పోయిందని నాకు తెలిసిపోయింది. శ్రీధర్ ఏడుస్తున్నాడు.

"మేడమ్, నిజం జెప్పుండ్రి. ఎవడన్న మందు వెట్టిండా?"

మా వైపు కుక్కకు మందు పెట్టడమంటే విషం పెట్టడమే. కళ్లు తుడుచుకుని అతనే మళ్లీ అన్నాడు.

"మా ఇంటెన్క గొర్ల ఎల్లయ్య ఉంటడు. రాజా గొర్ల ఎంబడి పడ్తాందని మొన్ననే లొల్లి వెట్టిండు. గాడేనా మేడమ్?"

"ఉండొచ్చు" అన్నాను.

ఒక్క మాట. అతను చేతికందించాడు, నేను పుచ్చుకున్నాను. ఆ క్షణంలో ఏం ఆలోచించాను? ఎల్లయ్య ఎవరో నాకు తెలియదు, ముఖం చూడలేదు, తెలియని మనిషి మీద పడే నింద నింద కాదనుకున్నానా? అలా అనుకోవడానికైనా నాకు వీల్లేదు. ఊళ్లో చేను మేస్తే, కంచె విరిగితే, చివరికి బోరు మోటారు పోయినా ముందు గొర్రెలవాళ్ల మీదే పడతారని ఆ ఇంట్లో పెరిగిన నాకు తెలియదా?

మధ్యాహ్నం పెద్ద డాక్టరమ్మ ఎక్స్‌రే తీశావా అని అడిగింది. తీయలేదన్నాను. ఆమె కోప్పడలేదు. భుజం మీద చెయ్యి వేసి, "అందరి చేతుల్లోనూ ఒకటి పోతుంది" అంది. చాయ్ తెప్పించింది. అందరూ చుట్టూ కూర్చుని ఎంత ఓదార్చారో! హాయిగా ఏడ్చాను. ఎల్లయ్య గురించి మాత్రం చెప్పలేదు. కుక్క విషయంలో నన్ను క్షమించే హక్కు వాళ్లకుందేమో. అదే క్షమను రెండో తప్పుకు కూడా కప్పుకున్నాను.

ఆ వారమే శ్రీధర్, అతని తమ్ముడు ఎల్లయ్యను గొర్రెల దొడ్డి ముందే కొట్టారు. డాక్టరమ్మే చెప్పిందని, అంటే నేనే చెప్పానని, ఊరంతా చెప్పుకుంది. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. నిప్పు నా దగ్గరే ఉంది. ఎరువు కోసం రైతులు తమ చేలల్లో గొర్రెల మందను పడుకోబెట్టించుకుంటారు. ఎల్లయ్య మందను పిలవడం మానేశారు. మందు పెట్టే మనిషిని చేలోకి ఎవరు రానిస్తారు?

ఒకరోజు ఆయన క్లినిక్‌కు వచ్చాడు. మణికట్టుకు కట్టు ఉంది. చెప్పులు బయటే విడిచి, గడప దగ్గరే నిలబడ్డాడు.

"బిడ్డా, నువ్వు గొర్లోళ్ల పిల్లవేనట గదా. కుక్కను నువ్వే జూసినవు. నేను మందు వెట్టలేదని నీకెర్కే గదా. గా ఒక్క మాట నలుగుర్ల జెప్పు బిడ్డా."

"నాకేం తెలుసండీ. నేను కుక్కను చూశాను, ఎవరు పెట్టారో చూడలేదు" అన్నాను.

ఎంత శుద్ధమైన తెలుగు! మా అవ్వతో, బాపుతో మాట్లాడే భాష ఆ పూట నా నోట రాలేదు. ఎవరు పెట్టారో చూడలేదట. అంటే ఎవరో పెట్టారనేగా? నింద రెండోసారి వేశాను, ఈసారి ఆయన ముఖం మీదే. ఆయన తిట్టలేదు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు మందను అమ్ముకుని కట్టంగూర్‌లో కూతురి దగ్గరికి చేరాడని, కోళ్ల ఫారంలో కాపలా ఉంటున్నాడని తెలిసింది. గొర్రెలు తప్ప ఇంకేమీ ఎరగని మనిషి.

శ్రీధర్ ఇంకో కుక్కను తెచ్చుకున్నాడు. నా దగ్గరికే తెస్తాడు, నా మీద అంత నమ్మకం! మొన్న టీకా వేయించడానికి వచ్చి నవ్వుతూ, "గా గొర్లోడు లేడు, ఇప్పుడు ఫికర్ లేదు మేడమ్" అన్నాడు. నా ఒళ్లు మండింది. సూది పక్కన పెట్టి చెప్పేశాను. విషం కాదని, కడుపు మెలితిరిగిందని, నేను గుర్తించలేదని, ఆ పొద్దున తెలిసి కూడా 'ఉండొచ్చు' అన్నానని. నన్ను తిడతాడని చూశాను. కొట్టినా సరే అనుకున్నాను.

అతను కుక్క మెడపట్టీ సర్దుతూ, "ఇప్పుడు జెప్తే ఏం ఫాయిదా మేడమ్? పోయినోడు పోయిండు. జర సూది ఎయ్యుండ్రి" అన్నాడు.

తిట్టడు. తిడితే తను ఎవరిని కొట్టాడో తలచుకోవాలి కదా. టీకా వేశాను. పెద్ద డాక్టరమ్మకూ చెప్పాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, మళ్లీ నా భుజం మీద చెయ్యి వేసింది. ఈసారి ఆ చేతిని తీసేశాను. ఆమె మంచిది. అయినా తీసేశాను.

కోపం తగ్గలేదు. కానీ ఇన్నేళ్లకు ఊపిరి పూర్తిగా ఆడుతోంది. అందుకు సిగ్గుగానే ఉంది.

ఎల్లయ్యకు ఇంకా చెప్పలేదు. కట్టంగూర్ ఏమన్నా కాశీనా? బస్సెక్కితే పోవచ్చు. పోతాను. క్షమించమని అడగను, ఆ భారం కూడా ఆయన నెత్తిన ఎందుకు? ఆయన అడిగిన మాటకు జవాబు మాత్రం ఇస్తాను. అక్కడికి పోయాక నోరు మళ్లీ మోసం చేస్తుందేమోనని, ముందు మీకు చెబుతున్నాను.

ఎర్కే, పెద్దయ్యా. నువ్వు మందు వెట్టలే. గా దినమే నాకెర్క.