రత్నమ్మగారి పెద్ద చక్రాలు

కొత్త టైర్ల వాసన నాకు ఇష్టం. ఈ మాట పైకి చెప్పుకోవడానికి కాస్త సిగ్గే. మల్లెపూల వాసన అనో, తడిసిన మట్టి వాసన అనో అంటే వినేవాళ్ళకు బాగుంటుంది. ఏం చేయను, నాకు మాత్రం ఆ రబ్బరు వాసన తగిలితేనే మనసు నిమ్మళిస్తుంది. మొన్న మా అమ్మాయి కారుకు టైర్లు మార్పించాలని కోలారులో ఒక దుకాణానికి వెళ్ళాం. ఉన్నవాటికన్నా పెద్ద చక్రాలు కావాలని అది పట్టుబట్టింది. ఎందుకే అంటే, "చూడ్డానికి బాగుంటాయమ్మా" అంది. "బ్రేకు మారుస్తున్నావా?" అని అడిగాను. లేదంది. "మరి చక్రం ఎందుకు మార్చడం?" అన్నాను. దుకాణాయన నన్ను ఎగాదిగా చూశాడు. చీర కట్టుకుని, చేతిలో కూరగాయల సంచి పట్టుకుని నిలబడ్డ మనిషి అడిగే ప్రశ్న కాదది. నిజానికి అది నా ప్రశ్న కాదు, రత్నమ్మగారిది. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ మాటలు ఇలా ఉన్నట్టుండి నా నోట వస్తుంటాయి, నేనూ అడ్డు చెప్పను.

రత్నమ్మగారు రాబర్ట్‌సన్‌పేట బజారులో బియ్యం, బెల్లం మండీ నడిపేవారు. అక్కడి కోలారు బంగారు గనులు సర్కారు చేతికి వచ్చాక ఊరిగాం బంగళాల్లోని దొరలు ఒక్కొక్కరే మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారట. అలా వెళ్తూ ఒకాయన అమ్మిన కారును రత్నమ్మగారి భర్త కొన్నారు. గుండ్రటి వీపు, లేత ఆకుపచ్చ రంగు, చిన్న చిన్న చక్రాలు. ఊళ్ళో అందరూ దాన్ని దొరబండి అనేవాళ్ళు. ఆయన పోయాక కారు అమ్మేస్తుందిలే అనుకున్నారు బంధువులు. ఆవిడ అమ్మలేదు సరికదా, నడపడం నేర్చుకున్నారు. బెల్లం బేరానికి చిత్తూరుకు తానే వెళ్ళేవారు. నేను మండీలో లెక్కలు రాయడానికి చేరేనాటికి, కొప్పు బిగించి, కొంగు నడుముకు చుట్టి ఆవిడ దొరబండి నడుపుతుంటే బజారులో ఎవరూ తలతిప్పి కూడా చూడని రోజులు వచ్చేశాయి.

నాది ములబాగిలు దగ్గర పల్లె. పట్టుగూళ్ళ మధ్య పెరిగి, గనిలో పనిచేసే ఆయన్ను చేసుకుని ఈ ఊరికి వచ్చాను. అప్పట్లో నాకు అన్నీ భయాలే. అత్తగారంటే భయం, రోడ్డు దాటాలంటే భయం, మండీలో ఫోను మోగితే భయం. "లెక్కలు రాసేదానికి వచ్చినావా, గోడకు అతుక్కొనేదానికి వచ్చినావా మే?" అనేవారు రత్నమ్మగారు. ఒక ఆదివారం నన్ను లాక్కుపోయి, గని మట్టి పోసిన సైనైడు దిబ్బల పక్కన ఖాళీ స్థలంలో స్టీరింగు ముందు కూర్చోబెట్టారు. నాకెందుకమ్మా అని ఏడుపు మొహం పెట్టాను. "సుమ్నే, ఊరికే కూచో. బండికి నువ్వంటే భయంగా ఉండాది, పాపం, దానికి కొంచెం ధైర్యం చెప్పు" అన్నారు. నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే క్లచ్చు వదలడం వచ్చింది. తిట్టేవారు కాదని అనను. ఒక్కోసారి ఆవిడ తిట్లకు దిబ్బల మీద మేకలు కూడా తలెత్తి చూసేవి.

ఆ తర్వాతి చలికాలంలో ఆవిడతో కలిసి చిత్తూరు వెళ్తున్నాను. పలమనేరు దాటాక మొగిలి ఘాటు, అంటే కొండదారి, దిగాలి. ముందొక లోడు లారీ పాకుతోంది. దాని వెనకే ఆవిడ బ్రేకు తొక్కుతూ, వదులుతూ దిగుతున్నారు. కాసేపటికి ఏదో మాడిన వాసన వచ్చింది. "సరళా, బ్రేకు పట్టడం లేదు మే" అన్నారు, కూరలో ఉప్పు లేదన్నంత మామూలుగా. పెడలు నేలకు అంటుకుపోతోంది, బండి ఆగడం లేదు. గేరు తగ్గించారు, చేతిబ్రేకు లాగారు. లారీకి కాస్త ఇవతలగా కొండవైపు మట్టికట్టను ఒరుసుకునేలా బండిని తిప్పారు. తలుపు గీసుకుపోయింది, అద్దం విరిగింది, బండి ఆగింది. ఇద్దరికీ దెబ్బ తగల్లేదు. ఆవిడ దిగి కల్వర్టు గోడ మీద కూర్చున్నారు. ఏమీ జరగనట్టు లేచి వస్తారేమో అనుకున్నాను. "భయమైపొయ్యింది మే. శానా భయమైపొయ్యింది. కొంచెం నీళ్ళు ఇయ్యి" అన్నారు. నేను తెల్లబోయాను. మా ఇళ్ళలో పెద్దవాళ్ళెవరూ ఆ మాట అనగా నేను వినలేదు. భయమంటే నాలాంటి వాళ్ళకే ఉండే జబ్బు అనుకునేదాన్ని.

ఊళ్ళో సంగతి తెలియగానే ఆవిడ మరిది గోవిందయ్య వచ్చారు. మంచి మనిషే, వదినంటే గౌరవమే. కానీ చల్లకొచ్చి ముంత దాచే రకం కాదు, మనసులో మాట అరటిపండు ఒలిచినట్టు చెప్పేశారు. "వదినా, నీకు వయసైపోతాంది. దొరబండి అమ్మేయి. చిత్తూరు బేరం నేను చూసుకొంటా. నువ్వు ఇంట్లో రామా కృష్ణా అనుకొంటా ఉండు." చిత్తూరు బేరం చేతిలో ఉన్నవాళ్ళదే మండీ. అది ఆయనకు తెలుసు, ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు. కారు పోతే చిత్తూరు పోతుంది, దాని వెనకే మండీ పోతుంది, మండీతోపాటు నా ఉద్యోగమూ పోతుంది. రత్నమ్మగారు మాత్రం, "అప్పా గోవిందూ, భయపడినానని అమ్మేయమంటావా? భయానికి ఏం కావాల్నో అడిగి అది చేసి పెడతా. ఇంగా ఒప్పుకోకపోతే అప్పుడు నీ మాట వింటా" అన్నారు. గోవిందయ్యకు అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకూ కాలేదు.

భయానికి కావలసింది ఏమిటో సెల్వం చెప్పాడు. ఆండర్సన్‌పేటలో అతనిది చిన్న షెడ్డు, మాట సగం తమిళం సగం తెలుగు. పాత బండ్లలో డ్రమ్ము బ్రేకులు ఉంటాయి, ఘాటు దిగేటప్పుడు వేడెక్కి పట్టు వదిలేస్తాయి, అదే జరిగిందన్నాడు. "ముందు రెండు చక్రాలకు డిస్కు బ్రేకు పెట్టుదాం అక్కా. డిస్కు అంటే గుండ్రటి రేకు, అది గాలికి ఉంటుంది, తొందరగా చల్లారిపోతుంది. కొంచెం గట్టిగా తొక్కాల, అంతే. ఆనా, కానీ ఒక కష్టం ఉండాది." కష్టమేమిటంటే, ఆ రేకును పట్టి బిగించే దవడలాంటి ముక్క పాత చక్రంలో పట్టదు. చక్రం చిన్నది, తిరిగేటప్పుడు లోపల తగులుతుంది. పెద్ద చక్రాలు వేయాల్సిందే. పెద్ద చక్రాలు అనగానే రత్నమ్మగారి కళ్ళు మెరిశాయి. ఎంతైనా ఆవిడకూ కాస్త డాబు ఉండేది. బెంగుళూరులో పాత బండ్ల సామాను అమ్మే బజారుకు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, జీపుకు వేసేంత చక్రాలు, వాటికి తగ్గట్టు ఎత్తయిన టైర్లు ఏరుకొచ్చారు. ఇంత వద్దక్కా అని సెల్వం మొత్తుకున్నా వినలేదు. "బ్రేకు పెద్దది కావాలంటే చక్రం పెద్దది కావాలంటివి కదప్పా. ఇంగ పెద్దదంటే పెద్దదే ఉండనీ!"

దొరబండి లేచి నిలబడింది. పసిపిల్ల తాత చెప్పులు తొడుక్కున్నట్టు ఉంది. నేను నవ్వు ఆపుకోలేక వెనక్కి తిరిగి నిలబడ్డాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారని ముందు బజారులో ఒక చుట్టు తిప్పారు ఆవిడ. మార్కెట్టు మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పేసరికి టైరు మడ్‌గార్డును ఒరుసుకుని కర్రుమని మోగింది. ఉల్లిపాయల తోపుడుబండి ఆయన బండి వదిలి పరుగెత్తాడు. ముల్లు చూపించే వేగం ఒకటి, బండి పోయే వేగం ఒకటి. ఎత్తు ఎక్కాలంటే రొప్పుతోంది. అన్నిటికన్నా ఘోరం, ఆగమంటే ఆవిడ అనుకున్నచోట ఆగలేదు. సెల్వం నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "తిరగలి చూసుండావు కదక్కా? చిన్న తిరగలిని నడిమధ్యలో పట్టుకున్నా ఆగుతుంది. పెద్దది ఆగుతుందా? చక్రం అంత ఎత్తయితే కొత్త బ్రేకు బలమంతా దానికే సరిపోతుంది." ఆవిడ స్టీరింగు మీద తల ఆనించి పకపకా నవ్వారు. "పులిని చూసి నక్క వాతలు పెట్టుకొన్నట్ల చేసినాను కదప్పా!" అన్నారు. మరిది చూస్తుండగానే అన్నారు. నేనైతే ఆ పూట గదిలోంచి బయటికి వచ్చేదాన్ని కాదు.

ఈసారి డాబు పక్కన పెట్టారు. మండీలో బస్తా కుట్టే పురికొస ఒకటి తెచ్చి, పాత టైరు చుట్టూ బిగించి ముడి వేశారు. "లోపలి ఇనుము దవడ పట్టేంత పెద్దది కావాల. బయటి చుట్టు మాత్రం ఈ దారం దాటకూడదు" అన్నారు. అంటే ఇనుప చక్రం ఒక సైజు పెరగాలి, దాని మీది టైరు అంతకు అంత పలచబడాలి. మళ్ళీ బెంగుళూరు. దుకాణం తరవాత దుకాణం ఎక్కి, నేను టైరు పట్టుకుంటే ఆవిడ దారం చుట్టేవారు. ఆ రబ్బరు వాసన మా చీరలకు పట్టి ఉతికినా పోలేదు. చివరికి దొరికాయి. సెల్వం కొత్త గొట్టాలు, కొత్త ప్యాడ్లు వేసి బిగించాడు. మలుపు తిప్పితే చప్పుడు లేదు, ముల్లు అబద్ధం చెప్పడం లేదు, తొక్కినచోట బండి ఆగింది. బయటినుంచి చూస్తే బండి ఎత్తు వెంట్రుకవాసి కూడా మారలేదు. ఏం మార్చినావు వదినా, నాకేం కనపడలేదే అన్నారు గోవిందయ్య. "కనపడకూడదప్పా" అన్నారు ఆవిడ.

బెల్లం రోజుల్లో మళ్ళీ చిత్తూరు బయలుదేరాం. పలమనేరు దాకా ఆవిడే నడిపారు, దారి పొడవునా మాటలే. ఘాటు మొదలయ్యే చోట మాట ఆగింది. బండిని పక్కకు తీసి ఆపారు. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి, ముందుకు చూస్తున్నారు. "బండికి భయం పొయ్యింది సరళా. నాకు పోలేదు" అన్నారు. వెనక్కి తిప్పితే కథ అక్కడితో సరి. గోవిందయ్య గుమ్మంలోనే ఉంటారు. "వెనక్కి పోదామా అమ్మా?" అన్నాను. ఆవిడ నావైపు తిరిగారు. "ఏమిటికి పోవాల? నేను దించకపోతే ఏం, నువ్వు దించు. మండీ బండి దిగితే సాలు. ఈ బ్రేకు నాకోసరమే వేయించినాననుకొంటివా?" "నాకూ భయమేనమ్మా" అన్నాను. "ఉండనీ. నీది కొత్త భయం, మాట వింటాది. నాది ముసలిదైపొయ్యింది" అని తలుపు తీసుకుని దిగి, ఇటువైపు వచ్చి నిలబడ్డారు.

నడిపాను. గేరు తగ్గించి, ఆవిడ చెప్పినట్టే తొక్కి వదులుతూ దించాను. పక్క సీట్లో కూర్చునే వాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. మలుపు వచ్చినప్పుడల్లా అక్కడ లేని బ్రేకును కాలితో తొక్కుతారు. కారు నడిపేవాళ్ళయితే మరీను. ఆవిడ కాలు నేలను తన్నడం వినపడుతుందని నేను చెవి ఒగ్గి ఉన్నాను. వినపడలేదు. రెండో మలుపులో ఓరగా చూశాను. రత్నమ్మగారు చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ పైకి మడిచి సీటు మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నారు. ఒడిలో బొరుగుల పొట్లం విప్పుకుని తింటూ, పోయిన ఏడు బెల్లం ఎంత ఉప్పగా వచ్చిందో చెబుతున్నారు. భయం పోలేదన్న మనిషి ఆవిడే. కిందికి దిగి రోడ్డు చదునయ్యాక, "ఏమే, ఘాటు అయిపొయ్యిందా?" అన్నారు. ఆ దారిలో ప్రతి రాయీ ఆవిడకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది. రోడ్డు కనపడదని ఆపుకున్నాను.

ఆ తర్వాత మొగిలి ఘాటు ఎప్పుడూ నేనే దించాను. ఊళ్ళో మాత్రం కడదాకా ఆవిడే నడిపారు. మండీ ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆవిడ చేతిలోనే ఉంది. భయం వేసినప్పుడు వేసిందని చెప్పడం, దానికి ఏం కావాలో కనుక్కోవడం, అంతవరకు ఆవిడ దగ్గర నేర్చుకున్నాననే అనుకుంటాను. ఇప్పుడు మా అమ్మాయి నడుపుతుంటే పక్కన కూర్చుంటాను. బాగానే నడుపుతుంది, వంక పెట్టడానికి లేదు. అయినా ప్రతి మలుపులో నా కాలు నేలను తన్నేస్తుంది. "అమ్మా, అక్కడ బ్రేకు లేదు" అంటుంది అది నవ్వుతూ. తెలుసే అంటాను. కాళ్ళు పైకి మడుచుకుని కూర్చోవాలని ఎన్నోసార్లు అనుకున్నాను. నాకింకా చేతకావడం లేదు.